తేలని సంగతులు కూడా పాఠమే

పిల్లలూ! గాలి ఆడని గదిలో అగరుబత్తి పొగను నిదానంగా గమనించండి. కొంత ఎత్తు వరకు దారంలా తిన్నగా లేస్తుంది. ఆ పైన ఉన్నట్టుండి మెలికలు తిరిగి, సుళ్లు సుళ్లుగా చెదిరిపోతుంది. మొదటిది స్తరీయ ప్రవాహం, రెండోది సంక్షుబ్ధ ప్రవాహం. నదిలోను, గాలిలోను, మేఘాలలోను మనం చూసేది ఎక్కువగా రెండో రకమే. అయినా తరగతిలో మొదటిదాన్ని వివరంగా చెప్పి, రెండోదాన్ని ఒకటి రెండు వాక్యాల్లో దాటవేస్తూ ఉంటాము. ఇది సరికాదని నా అభిప్రాయం.

1883లో ఇంగ్లండులోని మాంచెస్టరులో ఆస్బర్న్ రేనాల్డ్స్ గాజు గొట్టంలో పారే నీటిలోకి సన్నని రంగు ధారను వదిలాడు. నీరు మెల్లగా పారినప్పుడు రంగు తీగలా సాగింది. వేగం పెంచితే ఒకచోట చెదిరి నీరంతటా కలిసిపోయింది. వేగాన్ని గొట్టం వ్యాసంతోను, ద్రవం సాంద్రతతోను గుణించి, స్నిగ్ధతతో భాగిస్తే వచ్చేదే రేనాల్డ్స్ సంఖ్య. ఒక సెంటీమీటరు వ్యాసం గల గొట్టంలో నీరు సెకనుకు 20 సెంటీమీటర్ల వేగంతో పోతే అది సుమారు 2000. సాధారణంగా ఆ ప్రాంతంలోనే ప్రవాహం చెదరడం మొదలవుతుంది. కాని కుదుపు లేకుండా నీటిని వదిలితే దాదాపు 12,000 దాకా చెదరకపోవడం కూడా రేనాల్డ్స్ చూశాడు. కనుక ఆ సంఖ్య ఒక్కటే అంతా చెప్పదన్నమాట.

“కంప్యూటరు లెక్క కట్టదా?” అని మీరడగవచ్చు. ద్రవాల కదలికను తెలిపే సమీకరణాలను నేవియర్, స్టోక్స్ 19వ శతాబ్దంలోనే రాశారు. అయితే పెద్ద సుడి చిన్న సుళ్లుగా, అవి మరీ చిన్నవిగా విడిపోతాయి. చివరకు స్నిగ్ధత వల్ల వాటి శక్తి వేడిగా మారుతుంది. ఏ సుడినీ వదలకుండా లెక్కించాలంటే, రేనాల్డ్స్ సంఖ్య పది రెట్లయినప్పుడు లెక్కించే బిందువులు దాదాపు 180 రెట్లు కావాలి. ఎగిరే పెద్ద విమానం చుట్టూ ఉన్న గాలినంతా అలా లెక్కించడం నేటికీ అలవి కాని పని. అంచేత ఇంజనీర్లు చిన్న సుళ్ల ప్రభావాన్ని అంచనా వేసే నమూనాలు వాడతారు. వాటిలోని కొన్ని స్థిరాంకాలు ప్రయోగాలతో పోల్చి నిర్ణయించినవి. నమూనా పనికి వస్తుంది. అంతమాత్రాన అది అసలు కారణం చెప్పే సిద్ధాంతం కాదు. ఈ తేడా మీకు తెలియాలి.

మన దేశంలో సతీశ్ ధావన్, రొద్దం నరసింహ గార్లు ఒక రకం ప్రవాహం రెండో రకంగా మారే తీరును పరిశోధించి 1958లో ప్రచురించారు. ఆ అన్వేషణ ఇంకా ముగియలేదు.

తేలని సంగతి చెబితే పిల్లలు తికమక పడతారని, పైగా అది పరీక్షలో రాదని కొందరు ఉపాధ్యాయ మిత్రులు అంటారు. నేను ఒప్పుకోను. అన్నీ తేలిపోయాయని నమ్మితే మిగిలేది బట్టీయమే. ఒక గాజు గొట్టం, కాస్త సిరా, ఒక బకెట్టు నీళ్లు ఉంటే రేనాల్డ్స్ ప్రయోగాన్ని ఏ పాఠశాలలోనైనా చేయవచ్చు. మీ మాస్టారిని అడిగి చేయించుకోండి. రంగు ఎక్కడ చెదిరిందో కొలవండి. ఎందుకక్కడే చెదిరిందో అడగండి. పూర్తి జవాబు రాకపోతే నిరాశ పడకండి, దాన్ని వెదికే పనిలో మీకూ చోటుంది.