సాక్షి నోరు నొక్కే రాజీ

కోర్టులో కేసు విచారణకు వచ్చేసరికి వీధిలో రాజీ మాటలు మొదలవుతాయి. 'పక్కింటివాళ్ళే కదా, నీకెందుకీ గొడవ?' అంటూ పెద్దలే సాక్షి ఇంటికి వెళతారు. మాట వినకపోతే బెదిరించేవాళ్ళు వెళతారు. చివరికి బోనెక్కిన సాక్షి 'నేనేమీ చూడలేదు' అంటాడు. కేసు వీగిపోతుంది. అలా నచ్చజెప్పిన పెద్దల్లో ఒకప్పుడు మేమూ ఉన్నామని సిగ్గుతో ఒప్పుకుంటున్నాం.

చట్టం దీన్ని చిన్న విషయంగా చూడదు. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత ప్రకారం కోర్టులో అబద్ధపు సాక్ష్యం చెబితే ఏడేళ్ళ వరకు జైలు. అయితే ఆ ఫిర్యాదు కోర్టు నుండే రాతపూర్వకంగా రావాలి. అందుకే అలాంటి కేసులు అరుదు. సాక్షిని బెదిరించినవాడికీ ఏడేళ్ళ వరకు శిక్ష ఉంది. ఇందులో సాక్షి తానే ఫిర్యాదు చేయవచ్చు. పోలీసులు నేరుగా కేసు నమోదు చేయవచ్చని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2018లో అదే కోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం ప్రకారం, రక్షణ కోరే దరఖాస్తును జిల్లా జడ్జి అధ్యక్షతన గల కమిటీ పరిశీలిస్తుంది.

రాజీ చెడ్డదని మేము అనడం లేదు. అప్పులు, ఆస్తి తగాదాలకు లోక్ అదాలత్ ఉండనే ఉంది. కాని సాక్షి నోరు నొక్కి చేసేది రాజీ కాదు, దెబ్బతిన్నవాడికి అది రెండో దెబ్బ. గవాహీ అమానత్ అని పిల్లలకు చెప్పే మనం సాక్షి గడప తొక్కితే, 'చూసింది చెప్పు నాయనా, నీ వెంట మేమున్నాం' అనడానికే తొక్కాలి.