రాజీ కాగితం వచ్చిన రాత్రి

పేటలో మన పిల్లగాణ్ణి కొడితే ఆ రాత్రే రెండు కబుర్లొస్తాయి. తగలబెడదాం పదండంటారు కుర్రాళ్లు. ఇంత పుచ్చుకుని రాజీ పడండంటారు పెద్దమనుషులు. రెండోది మర్యాదగా వస్తుంది, అందుకే మరీ ప్రమాదం.

చుండూరును తలుచుకుందాం. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. కొందర్ని గోనెల్లో కుక్కి కాలవల్లో పడేశారు. శవాలు చేతికొచ్చాక మనోళ్లేం చేశారు? ఊరి చివర కాదు, ఊరి నడుమ పూడ్చారు. ఆ చోటే రక్తక్షేత్రం. కోర్టు మా ఊళ్లోనే కూర్చోవాలని పట్టుబట్టారు, కూర్చోబెట్టారు. చంపినోళ్ల కళ్లెదుటే బోనెక్కి సాక్ష్యం చెప్పారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది.

'మరేం మిగిలింది మాస్టారూ?' అని మీటింగులో ఓ తల్లి అడిగింది. మాకు నోరు పెగల్లేదు. ఇప్పుడు చెబుతున్నాం: తీర్పు వాళ్ల చేతిలో లేదమ్మా. సాక్ష్యం ఉంది, దాన్ని అమ్ముకోలేదు.

ఈసారి దెబ్బ తగిలితే కుర్రాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. ముందు ఆసుపత్రి, తర్వాత స్టేషను. 1989 చట్టం పేరు చెప్పి కేసు కట్టమనండి, ఎఫ్ఐఆర్ నకలు అడిగి తీసుకోండి. రాజీ కాగితం వస్తే పేటంతా కూర్చుని చదివించుకునేదాకా ఎవరూ వేలిముద్ర వెయ్యొద్దు.