ఉలి పట్టే చేతులకు ఏప్రన్

మీవారిది నంద్యాలలో వడ్రంగి పనా? ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కే పనా? అయితే ఈ వారం వారికో ఏప్రన్ కుట్టిపెట్టండి. పాత జీన్స్ ప్యాంట్లు రెండు చాలు. కాళ్ల కుట్లు విప్పి, ఛాతీ నుంచి మోకాళ్ల దాకా వచ్చేలా జతచేయండి. మెడకు తగిలించే పట్టీ వద్దు, బరువుకు మెడ లాగేస్తుంది. భుజాల మీదుగా వచ్చి వీపుమీద ఇంటూ గుర్తులా దాటే వెడల్పు పట్టీలు పెట్టండి. పెన్సిలుకు ఛాతీ దగ్గర సన్న జేబు, టేపుకు నడుము దగ్గర మూత ఉన్న జేబు. మూత లేకుంటే రంపపు పొట్టంతా అందులోనే! నాడాలు వేలాడనివ్వకండి, తిరిగే రంపం లాక్కుంటే ప్రాణాపాయం. బొత్తాం పెట్టండి.

రాతిదుమ్ము ఊపిరితిత్తులకు చేటు. ఏప్రన్‌ను ఇంట్లో దులపకుండా తడిపి, విడిగా ఉతకండి. ముక్కుకు మాస్కు మాత్రం తప్పనిసరి. ఆ పని ఏప్రన్ చేయదు సుమా!