బ్రేక్‌డౌన్ ఎందుకొచ్చిందో అడగండి

మెటల్‌కోర్ ఆల్బమ్ ఏది విడుదలైనా సమీక్షకుడి కలం ముందుగా రాసేసే మాట ఒకటుంది: కొత్తగా ఏమీ లేదు. నిజమే, లేదు. చరణంలో గొంతు చించుకునే అరుపు, పల్లవికి రాగానే శ్రావ్యమైన పాట, మూడో నిమిషం దగ్గర గిటార్లూ డ్రమ్సూ ఒక్కసారిగా నడక తగ్గించి బరువుగా మోదే బ్రేక్‌డౌన్. ఇరవయ్యేళ్లకు పైగా వందల బ్యాండ్లు ఇదే వరసలో పాటలు కడుతున్నాయి. నా గొడవల్లా ఏమిటంటే, మంచి ఆల్బమ్‌కీ చెత్త ఆల్బమ్‌కీ ఒకేలా అతికే మాటతో దేన్నీ తూచలేం.

అందరూ ఒకటే పాడటం తప్పని ఎవరన్నారసలు? మన పద్యనాటకం చూడండి. పడకసీనులో కృష్ణుడు ఏ పద్యం ఎత్తుకోబోతున్నాడో పందిట్లో కూర్చున్న పెద్దవాళ్లకు కంఠతా వచ్చు. అయినా ఒక నటుడికి వన్స్‌మోర్ కొడతారు, ఇంకొకాయన అదే పద్యం అందుకుంటే బీడీ కాల్చుకోవడానికి లేచిపోతారు. పద్యం పాతదని ఎవరూ అలగరు. రాగం తీసినచోట తీయాల్సిన పని ఉందా, గొంతుందని చూపించుకోవడానికి లాగాడా అన్నదే వాళ్ల లెక్క. మెటల్‌కోర్‌కి నేను పెట్టే లెక్కా అదే. బ్రేక్‌డౌన్ ఎలాగూ ఉంటుంది. అక్కడే ఎందుకొచ్చింది? దాని ముందున్న పాట దాన్ని అడిగిందా?

ఈ రద్దీ ఎలా మొదలైందో కొంత చెప్పుకోవాలి. అమెరికాలో తొంభైల నాటి హార్డ్‌కోర్ పంక్ కుర్రాళ్లు మెటల్ రిఫ్‌లను, అంటే పదేపదే తిరిగే గిటార్ వరసలను, తమ పాటల్లోకి లాక్కున్నారు. మసాచుసెట్స్ బ్యాండ్ కన్వర్జ్ 2001లో ‘జేన్ డో’ విడుదల చేసింది. విరిగిన ప్రేమ మీద అంత మొరటు, అంత నిజాయితీ ఉన్న రికార్డును అనుకరించడం మామూలువాళ్ల తరం కాలేదు. మరుసటి ఏడాది అదే రాష్ట్రం నుంచి కిల్‌స్విచ్ ఎంగేజ్ ‘అలైవ్ ఆర్ జస్ట్ బ్రీథింగ్’తో వచ్చి, అరుపునూ పాటనూ జంటగా నడిపే పద్ధతిని ఎవరైనా నేర్చుకోగలిగేంత స్పష్టంగా చూపించింది. గిటార్ పని చాలావరకు స్వీడన్ నుంచి దిగుమతి. గోథెన్‌బర్గ్‌లోని స్టూడియో ఫ్రెడ్‌మన్‌లో అట్ ద గేట్స్ రికార్డు చేసిన ‘స్లాటర్ ఆఫ్ ద సోల్’ 1995లో వచ్చింది. దాని రిఫ్‌లను ఈ తరం గిటారిస్టులు పాఠాల్లా వల్లెవేశారు.

ఆ తర్వాత కంప్యూటర్ దిగింది. 2000 దశకం చివర ఇండియానాలో జోయ్ స్టర్జిస్ అనే నిర్మాత చేతిలో వరసగా కుర్ర బ్యాండ్లు తయారయ్యాయి. డ్రమ్ దెబ్బల స్థానంలో ముందే సిద్ధం చేసిన శాంపిళ్లు, వెంట్రుకవాసి తేడా లేకుండా తాళానికి సరిచేసిన గిటార్లు. తర్వాత ఆయన పేరుతోనే ఆ ధ్వని ప్లగిన్లుగా అమ్మకానికి వచ్చింది. ఇక పడగ్గదిలో లాప్‌టాప్ ఉన్న కుర్రాడికి కూడా పెద్ద స్టూడియో చప్పుడు చేతికందింది. అందరి డ్రమ్సూ ఒకేలా మోగుతున్నాయంటే కుర్రాళ్లలో సరుకు లేదని కాదు, కొన్నిచోట్ల అది అచ్చంగా అదే డ్రమ్ము!

ఇప్పుడు అసలు కేసుకొస్తాను. ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌ నుంచి వచ్చిన ఆర్కిటెక్ట్స్ 2016 మేలో ‘ఆల్ అవర్ గాడ్స్ హావ్ అబాండన్డ్ అస్’ విడుదల చేసింది. దీన్ని రికార్డు చేసిందీ స్టూడియో ఫ్రెడ్‌మన్‌లోనే. ఆగస్టు 20న ఆ బ్యాండ్ గిటారిస్టు, ప్రధాన రచయిత టామ్ సర్ల్ చర్మ క్యాన్సర్‌తో చనిపోయాడు. వయసు 28. డ్రమ్స్ వాయించే డాన్ అతని కవల సోదరుడు. ఆ ఆల్బమ్ వింటే, తన జబ్బు సంగతి తెలిసినవాడు రాసిన రిఫ్‌లకు సమర్థన అక్కర్లేదనిపిస్తుంది. ‘గాన్ విత్ ద విండ్’లో బరువు పడే ప్రతిచోటా ముందున్న మాట దాన్ని పిలుచుకుని వస్తుంది.

రెండేళ్ల తర్వాత, 2018 నవంబర్ 9న, ‘హోలీ హెల్’ వచ్చింది. సైలోసిస్ బ్యాండ్ నుంచి జాష్ మిడిల్టన్ గిటార్ పట్టాడు. పాటల మాటలు డాన్ మీద పడ్డాయి. చిక్కంతా ఇక్కడే. తమ్ముడో అన్నో పోయిన మనిషి చేసిన రికార్డు చేతిలో పెడితే, మనం చెవులతో కాకుండా కళ్లనీళ్లతో మార్కులేస్తాం. చాలామంది వేశారు కూడా. దుఃఖం నిజమైనంత మాత్రాన రిఫ్ నిజమైపోదు. ఈ మాట కటువుగా ఉందని తెలిసే రాస్తున్నాను.

‘డూమ్స్‌డే’ వినండి. టామ్ మొదలుపెట్టి వదిలివెళ్లిన పాట, మిగిలినవాళ్లు పూర్తి చేశారు. గిటార్ పై స్థాయిలో ఊపిరాడనివ్వకుండా తిరుగుతూ మొదలవుతుంది. పాట చివరికొస్తున్నప్పుడు, ఇక బ్రేక్‌డౌన్ పడుతుందని మనం మెడ సిద్ధం చేసుకునే చోట, వాద్యాలు వెనక్కి తగ్గుతాయి. అంతసేపూ అరిచిన గాయకుడు శామ్ కార్టర్ గొంతు మెత్తబడుతుంది. కొట్టాల్సిన చోట కొట్టకుండా ఆగడం ఈ సంగీతంలో ఎంత కష్టమో, కచేరీ ముందువరసలో గుంపు ఎలా ఎదురుచూస్తుందో తెలిసినవాళ్లకు అర్థమవుతుంది. పల్లవి మళ్లీ వచ్చినప్పుడు అది ముందు విన్న పల్లవిలా ఉండదు. ‘ద సెవెంత్ సర్కిల్’ దీనికి పూర్తిగా ఎదురు. రెండు నిమిషాలు కూడా ఉండదు, పల్లవిలో ఓదార్పు లేదు. కోపం వచ్చింది, వెళ్లిపోయింది. అయినా బరువు పాట అడిగినచోటే పడాలన్న ఒకే సూత్రానికి రెండూ కట్టుబడ్డ పాటలే.

‘మోర్టల్ ఆఫ్టర్ ఆల్’, ‘డామ్నేషన్’, ‘మోడర్న్ మిజరీ’ల దగ్గర మాత్రం నాకు ఓపిక సడలింది. కింది స్థాయి తీగల మీద తెగి తెగి పడే రిఫ్, వెనక సింథ్ తెర, పైన ఆకాశమంత పల్లవి. ఒక పాటలోని బ్రేక్‌డౌన్ కోసి పక్కపాటలో అతికిస్తే అతుకు కనబడదు. ఇది మీరూ చేసి చూడొచ్చు: ఏ ఆల్బమ్ అయినా సరే, బ్రేక్‌డౌన్‌కు ముందు అర నిమిషం మాత్రం విని ఆపేయండి. తర్వాతిది రావాల్సిందేనని చెవి పట్టుబడితే ఆ పాట గట్టిది. ఏదొచ్చినా ఫరవాలేదనిపిస్తే అది సరుకు నింపడమే. (శామ్ కార్టర్ రిఫ్ ముందు వేసే ‘బ్లెహ్’ కేక సంగతి వేరు. ఆయన వేస్తే ముద్దొచ్చింది. ఊళ్లోని ప్రతి గాయకుడూ వెయ్యడం మొదలెట్టాక దాన్ని నిషేధించే అధికారం నాకుంటే బాగుండుననిపిస్తుంది.)

ఇదే బ్యాండ్ తర్వాతి ఆల్బమ్ ‘ఫర్ దోజ్ దట్ విష్ టు ఎగ్జిస్ట్’ 2021లో బ్రిటన్ ఆల్బమ్ పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. పల్లవులు ఇంకా పెద్దవయ్యాయి, బరువు తగ్గింది. అమ్ముడుపోయిందని దాన్ని ఛీకొట్టే పాత పంక్ అలవాటు నాకు లేదు. అయితే అందులో నేను వెతుక్కుంటూ మళ్లీ వెళ్లే పాటలు తక్కువ.

నా తీర్పు అడిగితే, ‘హోలీ హెల్’లోని 11 పాటల్లో ఐదారు గట్టిగా నిలబడతాయి, మిగిలినవి జాలి మీద నడుస్తాయి. 2016 ఆల్బమ్ దానికంటే మెరుగు. కొత్తగా వినేవాళ్లు ముందు దాన్నే పట్టుకోండి. ఫోను స్పీకర్లో మాత్రం వినకండి, కింది స్థాయి తీగలు అందులో పలకవు.