పిల్లి గురించి అడిగారు, కుక్కపిల్ల గురించి చెబుతాను

ఈ వారం మిగతా ఉత్తరాలన్నీ పక్కన పెట్టి ఒక్క ఉత్తరానికే జవాబు రాస్తున్నాను. తెనాలి నుంచి ఒక సోదరి రాశారు. పేరు వేయవద్దన్నారు కనుక వేయడం లేదు. ఉత్తరం కాస్త పొడుగైనా దాదాపు మొత్తం ఇస్తున్నాను. ఇందులో నిజంగా భయపడవలసిన మాట ఎక్కడ ఉందో పాఠకులు కూడా గమనిస్తూ చదవండి.

"డాక్టరు గారికి నమస్కారాలు. మాకు పెళ్లయి ఆరేళ్లయింది. మా వారు బ్యాంకులో పని చేస్తారు. నేను ఇంటి దగ్గర పిల్లలకు ట్యూషన్లు చెబుతాను. మాకు పిల్లలు కలగలేదని దిగులుపడుతున్న రోజుల్లో, రెండేళ్ల కిందట ఒక వానరాత్రి మా స్కూటరు కింద నక్కి అరుస్తున్న పిల్లికూనను మా వారు తువ్వాలులో చుట్టి ఇంట్లోకి తెచ్చారు. అప్పటి నుంచి అది మా ఇంటి మనిషే. పొద్దున ఆయన పేపరు చదవబోతే దాని మీదే ఎక్కి కూర్చుంటుంది. నేను పాలు కాచేటప్పుడు కాళ్ల చుట్టూ తిరుగుతుంది. నెలన్నర కిందట మా వీధి చివర తల్లికుక్క లారీ కింద పడి చనిపోతే, దాని పిల్లలు రెంటిని కూడా తెచ్చుకున్నాం. ఒకటి నల్లది, ఒకటి ఎర్రది.

దేవుడి దయవల్ల ఇప్పుడు నాకు నాలుగో నెల. మా అత్తగారు వచ్చి ఉన్నారు. నన్ను చెంబెడు నీళ్లు కూడా మోయనివ్వరు. కాని పిల్లిని చూస్తే మాత్రం మండిపడుతున్నారు. 'కడుపుతో ఉన్నదాని ఇంట్లో పిల్లి ఏమిటి? దాని వెంట్రుక కడుపులోకి పోతే పుట్టేవాడికి ఉబ్బసం వస్తుంది. గోనెసంచిలో వేసి ఊరవతల వదిలిరా' అని మా వారికి రోజూ చెబుతున్నారు. ఆయన తల్లి మాట కాదనలేరు, పిల్లిని వదలలేరు. రాత్రి భోజనాల దగ్గర ముగ్గురం మాటలు మానేశాం.

కుక్కపిల్లల గురించి ఆమెకు అంత పట్టింపు లేదు. నల్లది మూడు వారాల కిందటే పోయింది. పాపం, రెండు రోజులు మూల పడుకుంది. కింది దవడ వేలాడేసి చొంగ కార్చేది. పాలు పెడితే మింగలేకపోయింది. గొంతులో ఎముక ఇరుక్కుందేమోనని నేను నోట్లో వేలు పెట్టి చూశాను. మా వారు చెంచాతో పాలు పోయబోతే ఆయన వేలు కొరికింది. రెండు చుక్కలు రక్తం వచ్చింది, అంతే. పసుపు పెట్టాం. మర్నాడు పోయింది. ఇంటి వెనక పాతిపెట్టి ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఎర్రది బాగానే ఉంది. డాక్టరు గారూ, పిల్లిని వదిలేయాలా, ఉంచుకోవచ్చునా? మీరు ఎలా చెబితే అలా చేస్తాం."

అమ్మా, మీరు అడిగింది పిల్లి గురించి. నన్ను ఉలిక్కిపడేలా చేసింది ఆ నల్ల కుక్కపిల్ల. మీ ఉత్తరం చదవడం పూర్తి కాగానే మీరిచ్చిన నంబరుకు ఫోన్ చేశాను. మీరూ మీ వారూ ఆ రోజే ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లాలని చెప్పాను. పత్రిక అచ్చయి మీ చేతికి వచ్చే దాకా ఆగదగిన విషయం కాదిది. ఫోనులో చెప్పినదే అందరికీ ఉపయోగపడుతుందని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఎముక కాకపోవచ్చు

పిచ్చికుక్క అంటే కళ్లు ఎర్రబడి, వీధిలో పరుగెత్తుతూ, కనబడిన వారినల్లా కరిచేదని మన అందరి ఊహ. అది రేబిస్ జబ్బుకు ఒక రూపం మాత్రమే. రెండో రూపంలో కుక్క ఎవరినీ తరమదు. ఓ మూల పడుకుంటుంది. దవడ కండరాలు, గొంతు కండరాలు చచ్చుబడి కింది దవడ వేలాడుతుంది, చొంగ కారుతుంది, మింగలేదు. చూసేవారికి అచ్చం గొంతులో ఎముక ఇరుక్కున్నట్టే ఉంటుంది. జాలిపడి నోట్లో వేలు పెడతారు. ఆ చొంగలోనే వైరస్ ఉంటుంది.

మీ నల్లపిల్లకు వచ్చింది రేబిసే అని నేను అనడం లేదు. కుక్కపిల్లలు డిస్టెంపర్ తోనూ చనిపోతాయి, పార్వో విరేచనాలతోనూ చనిపోతాయి. మెదడుకు పరీక్ష చేసి ఉంటే నిజం తేలేది. ఇప్పుడు ఆ వీలు లేదు. తేలని చోట రేబిస్ అనుకునే వైద్యం చేయాలి. ఎందుకంటే ఈ జబ్బు లక్షణాలు ఒకసారి మనిషిలో బయటపడితే ఇక బతకడం దాదాపు లేదు. లక్షణాలు కనబడకముందు వైద్యం సరిగా జరిగితే జబ్బు రాకుండా ఆపవచ్చు.

"మూడు వారాలు దాటిపోయింది కదా?"

ఫోనులో మీ వారు మొదట అడిగింది ఇదే. దాటినా పరవాలేదు, కాని ఇక ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకూడదు. ఈ వైరస్ కరిచిన చోటి నుంచి నరాల వెంబడి మెల్లగా మెదడు వైపు ప్రయాణం చేస్తుంది. చాలామందిలో లక్షణాలు ఒకటి నుంచి మూడు నెలల్లో కనబడతాయి. కొందరిలో ఇంకా ముందే రావచ్చు, కొందరిలో ఏడాది పట్టవచ్చు. అందుకే ఎప్పుడో కరిచినా, నిన్న కరిచినట్టే లెక్కవేసి వైద్యం మొదలుపెడతాం.

టీకాను జబ్బ కండలోకి ఇస్తే 0, 3, 7, 14, 28 రోజుల్లో అయిదు డోసులు. చాలా ప్రభుత్వ ఆస్పత్రుల్లో చర్మం పొరలోకి కొద్ది మోతాదులో, రెండు జబ్బలకూ, 0, 3, 7, 28 రోజుల్లో ఇస్తారు. మొదటి సూది పడిన రోజే 0. ఏ పద్ధతి అయినా మంచిదే. మొదలుపెట్టిన పద్ధతిలోనే పూర్తి చేయాలి. పసిపిల్లలకు తొడ ముందు భాగంలో ఇస్తాం. పిరుదుకు మాత్రం ఎవరికీ వేయకూడదు, అక్కడ వేస్తే సరిగా పని చేయదు.

మీ వారికి రక్తం వచ్చింది కనుక టీకా ఒక్కటే చాలదు. రేబిస్ ఇమ్యూనోగ్లోబులిన్ అనే మందును గాయం ఉన్న చోటే ఇవ్వాలి. టీకా శరీరంలో రక్షణ పుట్టించడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ లోపల కాపలా కాసేది ఈ మందు. మొదటి టీకా రోజునే ఇవ్వడం మంచిది. ఆ రోజు దొరకకపోతే ఏడో రోజు లోపల ఇవ్వవచ్చు. ఆ తర్వాత ఇవ్వరు.

మీ సంగతి. కూరలు తరిగే చేతికి ఎక్కడో ఒక గీత ఉండకపోదు. ఆ చేతినే కుక్కపిల్ల నోట్లో పెట్టారు. కాబట్టి మీకూ వైద్యం కావాలి. వేలికి పగుళ్లు, గీతలు ఉన్న సంగతి డాక్టరుకు చెప్పండి. గర్భిణికి ఈ టీకా ఇవ్వవచ్చునా అని భయపడవద్దు. నిరభ్యంతరంగా ఇవ్వవచ్చు, బిడ్డకు దోషం లేదు. ఇమ్యూనోగ్లోబులిన్ కూడా అంతే.

ఇంకొక మాట. మీ ఇంటికి ట్యూషన్ పిల్లలు వస్తారని రాశారు. ఆ రోజుల్లో ఎవరైనా నల్లపిల్లతో ఆడుకున్నారా, ముద్దుచేశారా, గీరుకుందా అని ఒక్కొక్కరినీ విడిగా, కోప్పడకుండా అడగండి. పిల్లలు తిడతారని దాచేస్తారు. వారి తల్లిదండ్రులకు స్వయంగా చెప్పండి. మొహమాటపడే సమయం కాదిది. అత్తగారు ఆ చొంగ తుడిచి ఉంటే ఆమెనూ వెంట తీసుకుపోండి.

పసుపు, కారం, సున్నం

కాటు మీద పసుపు, కారం, సున్నం, ఆకు పసరు పెట్టడం, నాణెం కట్టడం మన ఇళ్లలో ఇంకా ఉంది. వీటివల్ల వైరస్ చావదు సరిగదా, కారం, సున్నం గాయాన్ని మరింత రేపుతాయి. చేయవలసింది చాలా సులువు. కుళాయి తిప్పి, ధారగా పడే నీటి కింద గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. గడియారం చూసి కడగండి, పదిహేను నిమిషాలు మనం అనుకునేదానికంటే ఎక్కువ సేపు. తర్వాత అయొడిన్ మందు అద్ది, కట్టు కట్టకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని భయపడి ఆస్పత్రికి రానివారు ఇప్పటికీ కనబడుతున్నారు. అది గొర్రె మెదడు నుంచి తయారు చేసిన పాత టీకా. 2005 నాటికే మన దేశంలో దాని వాడకం పోయింది. ఇప్పుడు జబ్బకు వేసే మామూలు సూదులే. పథ్యం కూడా లేదు. వంకాయ, గుడ్డు, మాంసం మానవలసిన పని లేదు. 1885 జూలై 6న ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్ అనే కుర్రవాడికి తన టీకా వేసి బతికించాడు. ఇన్నేళ్ల తర్వాత, మందు ఊళ్లోనే దొరుకుతుండగా, పసుపును నమ్ముకుని ప్రాణం పోగొట్టుకోవడం న్యాయం కాదు.

ఆరోగ్యంగా ఉన్న పెంపుడు కుక్కో పిల్లో కరిచినా టీకా మొదలుపెట్టి, దానిని పది రోజులు కనిపెట్టి చూడండి. పది రోజులు దాటినా అది మామూలుగానే ఉంటే, మిగిలిన సూదుల సంగతి డాక్టరు నిర్ణయిస్తారు.

ఎర్రది, పిల్లి

ఎర్రపిల్ల నల్లదానితో ఒకే గిన్నెలో పాలు తాగింది, ఒకదాన్నొకటి కొరుక్కుంటూ ఆడింది. బాగానే ఉందనుకుని ఊరుకోకండి. దానిని, పిల్లిని కూడా వెంటనే పశువుల డాక్టరుకు చూపించి, జరిగింది మొత్తం చెప్పండి. టీకాలు వేసి, ఎర్రదానిని కొన్ని నెలలు విడిగా ఉంచమని ఆయన చెప్పవచ్చు. ఆయన సరేననే దాకా దానితో ముద్దులు, ముఖం నాకించుకోవడం వద్దు. ఇంట్లోంచి కదలని పిల్లికి సూదులెందుకని చాలామంది అనుకుంటారు. పిల్లికీ రేబిస్ వస్తుంది. కుక్కపిల్లకైనా, పిల్లికూనకైనా మూడు నెలల వయసులో మొదటి టీకా వేయించి, తర్వాత డాక్టరు చెప్పిన గడువుకు మళ్లీ వేయించాలి.

ఇక మీరు అడిగిన ప్రశ్న. పిల్లిని వదిలేయనక్కరలేదు. పిల్లి వెంట్రుక కడుపులోకి పోతే ఉబ్బసం రాదు. కొందరికి పిల్లి పడకపోవడం నిజమే. కాని దానికి కారణం పిల్లి ఉమ్మిలో, చర్మంలో ఉండే ఒక ప్రోటీను. అది ఎండి, పొడిగా గాలిలో కలిసి ముక్కులోకి పోతుంది. మీ ఇంట్లో ఎవరికైనా ఆయాసం, తుమ్ములు ఉంటే డాక్టరుకు చెప్పండి. పిల్లిని పడకగదిలోకి రానివ్వకండి.

అయినా మీ అత్తగారి భయం ఉత్త భయమని కొట్టివేయకండి. గర్భిణికి పిల్లి వల్ల రాగల జబ్బు ఒకటి ఉంది. దాని పేరు టాక్సోప్లాస్మా. కడుపులో బిడ్డ కళ్లకు, మెదడుకు హాని చేయగలదు. ఆ క్రిమి గుడ్లు పిల్లి మలంలో వస్తాయి. అయితే పిల్లి మొదటిసారి జబ్బుపడినప్పుడు సాధారణంగా రెండు మూడు వారాలే వాటిని విసర్జిస్తుంది. బయటికి వచ్చిన గుడ్లు మనిషికి అంటే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. అందుకని పిల్లి దొడ్డికి కూర్చునే ఇసుక తట్టను రోజూ శుభ్రం చేయాలి. ఆ పని మీరు చేయకూడదు, మీ వారు చేయాలి. పిల్లికి పచ్చి మాంసం పెట్టకండి. మీరు సరిగా ఉడకని మాంసం తినకండి. ఆకుకూరలు బాగా కడగండి. మొక్కల మట్టి ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడుక్కోండి. ఈ జబ్బు పిల్లిని నిమిరినందువల్ల కంటే మట్టి వల్ల, ఉడకని మాంసం వల్లే ఎక్కువగా వస్తుంది. రక్తపరీక్ష అవసరమా అన్నది మీ లేడీ డాక్టరు చెబుతారు.

గోనెసంచిలో వేసి ఊరవతల వదలడం మాత్రం తగదు. ఇంట్లో పెరిగిన జంతువు ఆకలికి, వీధికుక్కలకు బలి అవుతుంది. అలా దిక్కులేకుండా వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా. బిడ్డ పుట్టాక ఒక నియమం పెట్టుకోండి. పసిబిడ్డను కుక్కతో గాని, పిల్లితో గాని గదిలో ఒంటరిగా వదలకూడదు. ఈ విషయంలో అత్తగారిని కాపలా పెట్టుకోండి. ఆమెకంటే మంచి కాపలా మీకు దొరకదు.

చివరగా, ఆ సాయంత్రమే మీ వారు తిరిగి ఫోన్ చేసి, ఇద్దరికీ మొదటి సూది పడిందని, తనకు ఇమ్యూనోగ్లోబులిన్ కూడా ఇచ్చారని చెప్పారు. సంతోషం. కాని మొదటి సూదితో ధైర్యం వచ్చి మిగిలినవి మానేసేవారిని చాలామందిని చూశాను. పాల లెక్క రాసుకునే క్యాలెండరు వంటింట్లో ఉంటుంది కదా, అందులో మిగిలిన తేదీల చుట్టూ ఎర్రసిరాతో సున్నాలు చుట్టండి. ఎర్రపిల్ల టీకా తేదీ, పిల్లి టీకా తేదీ కూడా అక్కడే రాయండి. దిక్కులేని ప్రాణులను చేరదీసిన మీ దంపతుల మనసు మంచిది. ఆ మంచితనానికి సబ్బు, కుళాయి, క్యాలెండరు తోడు చేసుకోండి.