కాకి బిల్లు, హంస బాకీ

“కట్టేస్తే పోలా?” అనే మాట వింటే కొన్నాళ్ళుగా నాకు ఒళ్ళు మండుతోంది. ఆఫీసు క్యాంటీన్లో అడిగినా, వాట్సాప్ గ్రూపులో అడిగినా, బాగా చదువుకుని, బాగా సంపాదిస్తూ, మంచి కవిత్వం కూడా చదివే మిత్రులు ఇచ్చే సలహా ఇదొక్కటే. ఎప్పుడో వదిలేసిన పోస్ట్‌పెయిడ్ కనెక్షన్ మీద రెండు మూడు వేలు బకాయి ఉందంటూ రికవరీ ఏజెన్సీ నుంచి ఫోన్ వస్తుంది. మీరు ఒప్పుకోని బిల్లు అది. అప్పట్లోనే కంప్లైంట్ ఇచ్చిన బిల్లు. అయినా సరే, “నీ గంట జీతమెంత, ఆ బాకీ ఎంత, లెక్కేసుకో” అంటారు. ఆ లెక్క మనకంటే ముందే ఇంకొకరు వేసి పెట్టుకున్నారు. వాళ్ళ వ్యాపారం నడిచేదే దాని మీద.

మా మావయ్యది హంసలదీవి. కొంచెం వరి, ఒక రొయ్యల చెరువు, ఒక మోపెడ్, ఒక పోస్ట్‌పెయిడ్ నంబరు. చెరువు గట్టు మీద సిగ్నల్ అందడం లేదని నంబరుని వేరే కంపెనీకి పోర్ట్ చేయించుకున్నాడు. నెల తర్వాత పాత కంపెనీ నుంచి చివరి బిల్లు వచ్చింది, 2,340 రూపాయలు. అందులో ముప్పావు వంతు ఇంటర్నేషనల్ రోమింగ్ ప్యాక్. మావయ్య తన జన్మలో దాటిన పెద్ద నీళ్ళు పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ. “సముద్రం పక్కనే ఉంటున్నాం కదా, విదేశం కింద లెక్కేశారేమోరా” అన్నాడు. వాడుకున్నదానికి కట్టేశాడు. రోమింగ్ సంగతి కాల్‌సెంటర్‌కి చెప్పి, వాళ్ళిచ్చిన కంప్లైంట్ నంబరుని గోడ క్యాలెండర్లో ఆ తారీఖు గడిలోనే రాసి, ఏడాది తిరగ్గానే ఆ కాగితాన్ని చింపి పొలం పాస్‌బుక్కులో పెట్టుకున్నాడు. కంపెనీ నుంచి జవాబు రాలేదు. రెండేళ్ళు దాటాక ఏజెన్సీ నుంచి వచ్చింది ఫోన్. “మీ బాకీ మాకు బదిలీ అయింది. ఛార్జీలతో కలిపి 4,915.” మావయ్య వెంటనే కంప్లైంట్ నంబరు చదివాడు. అవతలి కుర్రాడు మర్యాదగానే చెప్పాడు: “మా సిస్టమ్‌లో కంప్లైంట్ ఏమీ చూపించట్లేదు సార్.”

ఇక్కడే ఆగాలి. ఆ కుర్రాడు అబద్ధం ఆడటం లేదు. వాడి సిస్టమ్‌లో నిజంగానే లేదు.

హంసలదీవి పేరు వెనక కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. జనం పాపాలన్నీ మోసి నల్లబడ్డ గంగ, కాకి రూపంలో తీర్థాలన్నీ మునుగుతూ వచ్చి, కృష్ణ సముద్రంలో కలిసే ఈ చోట మునగగానే తెల్లటి హంస అయిందని స్థలపురాణం. బాకీల బదిలీలో జరిగేదీ అచ్చం ఇదే. అనుమానాలూ అభ్యంతరాలూ అంటుకుని నల్లగా ఉన్న బిల్లు ఒక కంపెనీ ఖాతాలో మునిగి ఇంకో కంపెనీ ఖాతాలో తేలేసరికి తెల్లగా మెరిసిపోతుంది. దాని మీద ఎవరూ ఎప్పుడూ గొడవ పడినట్టే ఉండదు. పేచీ అడుగున ఉండిపోయింది, అంకె పైకి తేలింది.

నా ఉద్యోగం డేటా మైగ్రేషన్. ఒక సిస్టమ్ నుంచి ఇంకోదానికి రికార్డులు తరలించడం. ఏ కాలమ్ వెళ్తుందో, ఏది వెనక ఉండిపోతుందో యంత్రం నిర్ణయించదు. స్ప్రెడ్‌షీట్ ముందేసుకుని మనుషులు కూర్చుని తేలుస్తారు. పేరు, నంబరు, అడ్రసు, మొత్తం, గడువు తేదీ, వీటితో ఫైలు తయారైపోతుంది. “కస్టమర్ దీన్ని ఒప్పుకోలేదు” అనే కాలమ్ పెట్టడం సాంకేతికంగా పది నిమిషాల పని. పెట్టకపోవడానికి కారణం సాంకేతికం కానే కాదు. 1923లో బందరులో పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయినప్పుడు మావయ్య ఖాతా వెళ్ళింది, సంతకం వెళ్ళింది, నామినీగా అత్తయ్య పేరు కూడా వెళ్ళింది. తప్పనిసరి అయినప్పుడు ప్రతి గడీ వెళ్తుంది. ఫోన్ బకాయి దగ్గరే ఒక గడి ఎందుకు తప్పిపోతోందో అడగాలి కదా.

నేను ఊహించి చెబుతున్నానని అనుకోకండి. బాకీలను టోకున కొనే వ్యాపారం అమెరికాలో చాలా పెద్దది. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పెద్ద కొనుగోలు కంపెనీల లెక్కలు తెప్పించి 2013 జనవరిలో ఒక నివేదిక ఇచ్చింది. డాలరు బాకీని వాళ్ళు సగటున నాలుగు సెంట్లకి కొన్నారు. కొన్న ఫైళ్ళలో వినియోగదారు గతంలో అభ్యంతరం చెప్పాడా లేదా అన్న సమాచారం చాలా అరుదుగా ఉంది. జనం అభ్యంతరం చెప్పిన బాకీల్లో ఆ కంపెనీలు రుజువు చూపగలిగినవి దాదాపు సగమే. వందకి నాలుగు పెట్టి కొన్నవాడికి అందరూ కట్టక్కర్లేదు. “పోన్లే” అనుకునేవాళ్ళు కొద్దిమంది ఉంటే చాలు. గచ్చిబౌలిలో మనం తీసే ఆ “పోన్లే” ఖర్చుతోనే హంసలదీవికి ఇంకో ఫోన్ వెళ్తుంది.

ఇంతా చేసి అక్కడ ఒక చట్టమైనా ఉంది. 1977 నాటి ఫెయిర్ డెట్ కలెక్షన్ ప్రాక్టీసెస్ యాక్ట్ ప్రకారం, నోటీసు అందిన 30 రోజుల్లోపు మీరు రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే, రుజువు పంపేదాకా ఏజెన్సీ వసూలు ఆపాలి. డాలస్‌లో చదువు ముగించి ఇల్లు మారిన మన పిల్లలకి ఫోన్ బకాయి నోటీసు వస్తే, వాళ్ళకి ఈ ఒక్క ఉత్తరమైనా ఉంటుంది.

మనకి ఏముంది? ఇక్కడ ఎక్కువగా బాకీని అమ్మరు, కమీషన్ మీద ఏజెన్సీకి అప్పజెబుతారు. ఫోన్ ఎత్తేవాడికి ఆ తేడా ఏం తెలుస్తుంది? ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత రికవరీ ఫోన్లు చేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2022 ఆగస్టులో చెప్పింది, కానీ అది బ్యాంకులకీ ఫైనాన్స్ కంపెనీలకీ. ఫోన్ కంపెనీ ఆ గొడుగు కిందికి రాదు. ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదులు తీసుకోదు. ముందు కంపెనీ కంప్లైంట్ సెంటరు, తర్వాత అదే కంపెనీలోని అప్పీలు అధికారి. దొంగ చేతికి తాళాలివ్వడం అనను గానీ, తాళాలు మాత్రం ఆ ఇంట్లోనే ఉన్నాయి.

వినియోగదారుల కోర్టు సంగతి ఇంకా బాగుంటుంది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలో టెలిఫోన్ తగాదాలకి మధ్యవర్తిత్వం అనే సెక్షన్ ఉంది కాబట్టి వినియోగదారుల ఫోరానికి ఆ అధికారం లేదని 2009లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అహ్మదాబాద్‌లో ఒకాయనకి నెలకి సగటున 555 రూపాయలు వచ్చే బిల్లు ఒక్కసారిగా 24,609 రూపాయల 51 పైసలు అయింది. 2014లో ఫోరానికి వెళ్ళాడు. ఫోరం దీన్ని వినొచ్చా లేదా అన్న ఒక్క ప్రశ్న మీద ఆ తగాదా వొడాఫోన్ ఐడియా కేసుగా సుప్రీంకోర్టు దాకా పోయింది. వినొచ్చు అని తేలింది 2022 ఫిబ్రవరి 16న. బిల్లు తప్పా ఒప్పా అన్నది ఆ తర్వాతి మాట. “గంట జీతం” మిత్రులు ఈ ఎనిమిదేళ్ళని చూపించి నన్ను ఎగతాళి చేయొచ్చు. నాకు మాత్రం ఆయన పట్టుదల వల్ల తెరుచుకున్న తలుపు కనిపిస్తోంది. ఇవాళ మావయ్య కోడూరు, అవనిగడ్డ, చల్లపల్లి మీదుగా బస్సెక్కి మచిలీపట్నంలో వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళగలడు. ఐదు లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు.

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచిన విషయం ఇది. నేను అడుగుతున్న ఆ కాలమ్ మన చట్టంలో 1882 నుంచీ ఉంది. ఆస్తి బదిలీ చట్టం, సెక్షన్ 132. వసూలు హక్కును బదిలీ తీసుకున్నవాడు, బదిలీ నాటికి అమ్మినవాడి మీద ఉన్న బాధ్యతలూ అభ్యంతరాలూ అన్నిటితో కలిపే తీసుకుంటాడు. అంటే బాకీతో పాటు పేచీ కూడా చేతులు మారుతుంది. గుర్రపు బళ్ళ కాలంలో ఎవరో గుమాస్తా బుర్రకి తట్టిన సంగతి, క్లౌడ్ కాలంలో మన సిస్టమ్‌లకి “ఆప్షన్ లేదు సార్”.

మా ఊళ్ళలో ప్రోనోటు చూసినవాళ్ళకి ఇది కొత్తేం కాదు. ఎందుకు తీసుకున్నాడో రాసి ఉంటుంది, అంకెల్లోనూ అక్షరాల్లోనూ మొత్తం ఉంటుంది, సాక్షులు, రాసినవాడి పేరు ఉంటాయి. కాగితం వెనక ఖాళీ ఉంటుంది, అప్పుడప్పుడూ కట్టింది అక్కడ చెల్లు వేస్తారు. నోటు చేతులు మారినా వెనక వేసిన చెల్లు చెరగదు. షావుకారు దేవుడని చెప్పడానికి ఇది రాయడం లేదు. 2015 డిసెంబరులో విజయవాడ కాల్‌మనీ బాగోతం బయటపడ్డప్పుడు ఖాళీ నోట్ల మీద సంతకాలు, ఆడవాళ్ళ మీద అఘాయిత్యాల ఆరోపణలు అందరం చదివాం. నేను చెప్పేది కాగితం గురించి. ఆ కాగితానికి ఒక వెనక వైపు ఉంది.

ఏజెన్సీ పంపిన నోటీసుకి వెనక వైపు లేదు. విమర్శ రాసే అలవాటు కొద్దీ దాన్ని రెండుసార్లు చదివాను. “మీరు చెల్లించవలసి ఉన్నట్లు రికార్డుల ద్వారా తెలియుచున్నది.” ఎవరికి తెలియుచున్నది? వాక్యంలో కర్త లేడు. కథకుడు సర్వజ్ఞుడు, పాత్రకి ఒక్క సంభాషణ కూడా లేదు. పైన తక్కెడ బొమ్మ, కింద “లోక్ అదాలత్” అని పెద్దక్షరాలు, చూడగానే కోర్టు కాగితం అనిపించేలా. నిజానికి 1987 చట్టం ప్రకారం మామూలు లోక్ అదాలత్‌లో ఇద్దరూ ఒప్పుకుంటేనే తీర్పు. ఒప్పుకోనివాడి మీద అది ఏమీ రుద్దలేదు. మన కథల్లో అప్పు అంటే, నేను చదివినంతలో, ఇప్పటికీ గడప ముందు నిలబడ్డ షావుకారే. ఈ కర్త లేని వాక్యం మీద ఎవరైనా ఒక కథ రాస్తే చదవాలని ఉంది.

నోటీసు తర్వాత తీపి మాట వచ్చింది. “కనీసం రెండొందలు కట్టండి సార్, నమ్మకం కోసం.” మావయ్య పగలబడి నవ్వాడు. ప్రోనోటుకి మూడేళ్ళు నిండితే కాలదోషం పడుతుందని దివిసీమలో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. అందుకే గడువు దగ్గర పడుతుంటే అప్పిచ్చినవాడు ఒక ముసలి రైతు చేత పది రూపాయలు కట్టించి, సంతకంతో చెల్లు వేయించుకుంటాడు, ఆ రోజు నుంచి మళ్ళీ మూడేళ్ళు. లిమిటేషన్ చట్టంలో ఆ వెసులుబాటు ఉంది. “ఇదేరా, ఆ పది రూపాయల చెల్లే. ఫోన్లో అడుగుతున్నాడంతే,” అన్నాడు.

మనలాంటి వాళ్ళని భయపెట్టేది సిబిల్. హోమ్‌లోన్ ఆగిపోతుందని. ఫోన్ ఖాతాలు ఆ రిపోర్టులోకి ఎక్కే మాట నిజమే. అయితే సగానికి బేరమాడి కడితే పడే “సెటిల్డ్” అన్న ముద్ర కూడా బ్యాంకు వాడికి నచ్చదు. భయపడి కట్టిన డబ్బు ఆ భయాన్ని తీర్చదు. తప్పు నమోదు మీద బ్యూరోకి అభ్యంతరం పెట్టొచ్చు. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకి వంద రూపాయలు పరిహారం అనే నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఏడాదికోసారి రిపోర్టు ఉచితం. ఒక సినిమా టికెట్ బుక్ చేసుకునేంత సేపు పట్టదు అది తీసి చూసుకోవడానికి.

ట్రాయ్ నుంచి నేను అడిగేది ఒక్క ముక్క. తేలని కంప్లైంట్ ఉన్న బిల్లుని ఏ కంపెనీ కూడా బయటి ఏజెన్సీకి ఇవ్వకూడదు. ఇచ్చిన ప్రతి బకాయితోనూ కంప్లైంట్ నంబరు, దాని మీద ఏం తేల్చారో ఆ జవాబు, రెండూ వెళ్ళాలి. లేనిది వసూలుకి పనికిరాదని రాసేయాలి. కొత్త కమిటీలు అక్కర్లేదు, రెండు కాలమ్‌లు చాలు.

ఏజెన్సీకి మావయ్య పేరు మీద ఒక రిజిస్టర్డ్ పోస్టు పంపాం. బదిలీ పత్రం నకలు, రోమింగ్ జరిగిందంటున్న రోజుల వివరం, ఫలానా తేదీ ఫలానా నంబరు కంప్లైంట్‌కి జవాబు పంపమని, సెక్షన్ 132 గుర్తు చేస్తూ. రసీదు వచ్చింది, జవాబు రాలేదు. నాలుగు నెలలకి ఇంకో పేరుతో ఇంకో ఏజెన్సీ ఫోన్ చేసింది. ఈసారి 6,280. కాకి రెండోసారి మునిగిందన్నమాట. కమిషన్‌కి వేయాల్సిన కాగితాలు సర్దుతున్నాం. ఈ లోపు ఫోన్ వచ్చినప్పుడల్లా మావయ్య ఒకటే చెబుతున్నాడు. ముందు నా కంప్లైంట్ నంబరు రాసుకో, తర్వాత మాట్లాడదాం అని.

“మా దాంట్లో ఆ ఆప్షన్ లేదు సార్.”

“అయితే పెట్టించుకుని చెయ్యి నాయనా. నేనెక్కడికీ పోను.”