నగర నిబంధనల రూపకల్పనలో పౌరుల పాత్ర: గడువులోగా చెప్పిన మాటకే విలువ

(ప్రత్యేక వ్యాసం)

తిరుపతి: నగరంలో రహదారి ఎంత వెడల్పు ఉండాలి, ఏ ప్రాంతంలో నివాసాలు రావాలి, ఎక్కడ వాణిజ్య భవనాలకు అనుమతి ఇవ్వాలి, ఇంటి పన్ను ఏ రేటున విధించాలి అన్న అంశాలు సామాన్యుని దైనందిన జీవితంతో ముడిపడినవి. ఈ నిర్ణయాలలో చాలావాటికి ముందుగా ముసాయిదా ప్రకటించి, ప్రజల నుండి అభ్యంతరాలు, సలహాలు స్వీకరించాలని చట్టాలు నిర్దేశిస్తున్నాయి. అయితే ఈ అవకాశం గురించి తెలిసినవారు తక్కువ. గడువు ముగిసి, ఇంటి గోడపై కొలతల గుర్తు పడిన తరువాత కార్యాలయాల చుట్టూ తిరిగేవారే ఎక్కువ.

అర్జీ వేరు, అభ్యంతరం వేరు

ప్రతి సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో సమర్పించే అర్జీ, జరిగిపోయిన లేదా జరగని పనికి సంబంధించినది. ముసాయిదాపై దాఖలు చేసే అభ్యంతరం ఇంకా తీసుకోని నిర్ణయానికి సంబంధించినది. అభ్యంతరాన్ని పరిశీలించిన మీదటే తుది ప్రకటన వెలువడాలి కనుక దానికి చట్టపరమైన స్థానం ఉంది. తుది ప్రకటన వచ్చిన తరువాత ఎన్ని అర్జీలు ఇచ్చినా ఆ స్థానం లభించదు. ఈ తేడాను గుర్తించడమే పౌర భాగస్వామ్యానికి తొలి మెట్టు.

తిరుపతి, చిత్తూరు అనుభవం

1886లో పురపాలక సంఘంగా ఏర్పడిన తిరుపతి 2007లో నగర పాలక సంస్థగా మారింది. తొలి కార్పొరేషన్ ఎన్నికలు మాత్రం 2021 మార్చిలో జరిగాయి. చిత్తూరు 2012లో నగర పాలక సంస్థ హోదా పొందగా, 2014లో అక్కడ తొలి ఎన్నికలు జరిగాయి. ఎన్నికైన పాలకవర్గం లేని కాలంలో ప్రత్యేకాధికారి పాలన సాగుతుంది. తమ మాట వినిపించే కార్పొరేటర్ లేని ఆ రోజుల్లో ముసాయిదాలపై లిఖితపూర్వక అభ్యంతరం ప్రజల చేతిలోని ముఖ్య సాధనం. పాలకవర్గం ఉన్నప్పుడూ దాని అవసరం తగ్గదు.

2021 నవంబరులో కురిసిన భారీ వర్షాలకు తిరుపతిలోని పలు కాలనీలు జలమయమైన సంగతి ప్రజలు మరువలేదు. రాయలచెరువు కట్టకు ప్రమాదం ఏర్పడి పరిసర గ్రామాల వారిని సురక్షిత ప్రాంతాలకు తరలించవలసి వచ్చింది. చెరువులు, వాగులు, వరద కాలువల దారిలో నిర్మాణాలు రావడం ఒక్కరోజులో జరిగేది కాదు. బృహత్ ప్రణాళికలో ఒక రంగు మారినప్పుడు, వ్యవసాయ భూమి నివాస ప్రాంతంగా మార్పు చెందినప్పుడు అందుకు బీజం పడుతుంది. వాన నీరు ఏ దారిన పారుతుందో అక్కడి పాత కాపులకు, ఆయకట్టు రైతులకు తెలిసినంతగా పటం గీసినవారికి తెలియకపోవచ్చు. ఆ అనుభవ జ్ఞానం దస్త్రంలోకి చేరే మార్గమే అభ్యంతరాల స్వీకరణ.

ఏయే సందర్భాలలో అవకాశం

బృహత్ ప్రణాళిక, భూ వినియోగ మార్పు: పట్టణాభివృద్ధి సంస్థలు ముసాయిదాను ప్రకటించి అభ్యంతరాలు కోరతాయి. భూ వినియోగ మార్పు ప్రకటనల్లో ఈ గడువు సాధారణంగా 15 రోజులు.

ఆస్తి పన్ను: మూలధన విలువ ఆధారిత పన్ను విధానానికి రాష్ట్రంలో 2020లో చట్టసవరణ జరిగింది. మరుసటి సంవత్సరం నగర పాలక సంస్థలు ప్రతిపాదిత రేట్లను ప్రకటించి అభ్యంతరాలను ఆహ్వానించాయి. నివాస భవనాలకు మూలధన విలువపై 0.10 నుండి 0.50 శాతం వరకు పరిధిని నిబంధనలు నిర్ణయించగా, ఆ పరిధిలో రేటు ఎంత ఉండాలన్నది స్థానిక సంస్థకు వదిలారు. అంటే పౌరుల వాదనకు తావున్నది సరిగ్గా అక్కడే.

వీధి వ్యాపారం: యాత్రికులపై ఆధారపడి జీవించే చిరు వ్యాపారులు తిరుపతిలో అధికం. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. వారిలో మూడవ వంతు మహిళలు కావాలి.

పరిశ్రమలు, విద్యుత్తు: 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన కింద జరిగే బహిరంగ విచారణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. తిరుపతి కేంద్రంగా పనిచేస్తున్న దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ఛార్జీల ప్రతిపాదనలపైనా, 2003 విద్యుత్ చట్టం ప్రకారం, నియంత్రణ మండలి ప్రజల అభ్యంతరాలు పరిశీలించిన తరువాతే ఉత్తర్వు ఇవ్వాలి.

అభ్యంతరం ఎలా ఉండాలి

"ఈ ప్రతిపాదన మాకు వద్దు" అన్న ఒక్క వాక్యం కంటే, ఎందుకు వద్దో, బదులుగా ఏమి చేయవచ్చో తెలిపే పత్రానికి బలం ఎక్కువ. ప్రకటన సంఖ్య, తేదీ, సర్వే నంబరు, వార్డు వివరాలు తప్పక పేర్కొనాలి. దస్తావేజు నకలు, ఛాయాచిత్రాలు, వీలైతే చేతితో గీసిన పటం జతచేయాలి. ఒక వీధివారందరిదీ ఒకే సమస్య అయితే అందరూ సంతకాలు చేసి ఇవ్వవచ్చు. కార్యాలయంలో ముద్రతో కూడిన రశీదు పొందడం మరువరాదు. వ్యక్తిగతంగా వాదన వినిపించదలచినవారు ఆ కోరికను పత్రంలోనే రాయాలి. తుది నిర్ణయం తరువాత తమ అభ్యంతరంపై ఏమి చర్య తీసుకున్నారో 2005 సమాచార హక్కు చట్టం కింద తెలుసుకోవచ్చు.

ఇరువైపులా బాధ్యత

మారుమూల పేజీలో చిన్న అక్షరాలతో అచ్చయిన ప్రకటన చట్టం అడిగిన లాంఛనాన్ని తీర్చవచ్చు గాని, ఆశయాన్ని తీర్చదు. ముసాయిదా సారాంశాన్ని సరళమైన తెలుగులో వార్డు స్థాయి కార్యాలయాల్లో, రైతు బజార్ల వద్ద ప్రదర్శిస్తే అది చేరవలసిన వారికి చేరుతుంది. వచ్చిన అభ్యంతరాలలో ఏవి అంగీకరించారో, ఏవి ఎందుకు తిరస్కరించారో ప్రకటిస్తే ప్రజల్లో విశ్వాసం పెరుగుతుంది. స్మార్ట్ సిటీ పథకానికి 2016లో తిరుపతి ఎంపికైనప్పుడు పోటీ ప్రతిపాదనలో పౌర సంప్రదింపులు తప్పనిసరి అంశం. పథకాల గడువులు ముగిసినా ఆ అలవాటు ముగియరాదు.

ప్రజలు సైతం తమ వార్డుకు సంబంధించిన ప్రకటనలపై నిఘా ఉంచాలి. కాలనీ సంక్షేమ సంఘాలు, స్వయం సహాయక బృందాలు నెలకొకసారైనా పట్టణ ప్రణాళిక విభాగంలో విచారించి సభ్యులకు తెలియజేస్తే, కష్టార్జితంతో కట్టుకున్న ఇంటి విషయంలో ఏ కుటుంబమూ ఆలస్యంగా మేల్కొనవలసిన పరిస్థితి రాదు.